మల్లేశ్ సంవత్సరాదాయం ఎంత?

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్లుగా కొత్తగా చేరినవారు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, ఆదాయ విచారణ ఎలా చేయాలని అడుగుతుంటారు. నేను చెప్పే సమాధానం ప్రతిసారీ ఒకేలా ఉండటం లేదని ఈ మధ్యనే గమనించాను. ఒకే ప్రశ్నకు రెండు సమాధానాలు చెప్పే మనిషిని ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను నమ్మలేదు. ఇప్పుడు ఆ మనిషిని నేనే అయ్యాను. కాగితం మీద పెడితేనైనా ఒక్క సమాధానానికి కుదురుకుంటానేమోనని ఇది రాస్తున్నాను.

తేదీ, అంకె. సర్వీసు మొత్తంలో ఈ రెండింటినే నమ్మాను. మనుషులు మాట మారుస్తారు, సాక్షులు ఊరు మారుస్తారు, కానీ వేసిన తేదీ వేసినట్టే ఉంటుంది. అయినా ఇక్కడ తేదీలు ఇవ్వడం లేదు. ఇందులోని వాళ్లు బతికి ఉన్నారు, ఈ చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ల పేర్లు కూడా మార్చాను. అంకెలు మాత్రం అప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే.

పని నిజంగా ఏమిటంటే

పేదలకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఆరోగ్య బీమాకు రేషన్ కార్డు ఆధారం. కార్డు లేనివారు దరఖాస్తు పెట్టుకుంటే, వారి సంవత్సరాదాయం ఎంతో విచారించి రాయాలి. నగరంలో ఆ ఆదాయం రెండు లక్షల రూపాయలు దాటకూడదు. ఆ విచారణ చేసేది రెవెన్యూ ఇన్‌స్పెక్టర్. ఫారంలో ఆదాయానికి ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఒక్క అంకె పడుతుంది.

మన శిక్షణలో ఈ పనిని అరగంటలో చెప్పి ముగిస్తారు. ఇంటికి వెళ్లాలి, చూడాలి, ఇరుగుపొరుగును అడగాలి, రాయాలి. నిజానికి ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషికీ ఆపరేషన్ బల్లకూ మధ్య ఉన్నది ఆ గడి ఒక్కటే. అక్కడ ఏ అంకె వేయాలో మీరు తేల్చేదాకా అటు వైద్యుడు ఆగుతాడు, ఇటు ఇంటివాళ్లు ఆగుతారు. జబ్బు మాత్రం ఆగదు.

నా మొదటి తహసీల్దారు చాలా మంచి మనిషి. ఎవరినీ ఖాళీ చేతులతో పంపేవారు కాదు. ఆయన ఇచ్చిన సలహా ఇది: పరిమితికి కొంచెం కింద ఒక అంకె ఎంచుకుని అందరికీ అదే రాసేయండి, విచారణ పేరుతో పేదల చెప్పులు అరిగించకండి. ఆయన మాట ప్రకారం కొన్నాళ్లు మా మండలంలో మేస్త్రీకి, పాలవాడికి, పదెకరాల భూమి అమ్ముకున్న ఆసామికి కూడా ఒకటే సంవత్సరాదాయం ఉండేది. తర్వాత పైనుంచి తనిఖీ వచ్చింది. అన్ని పత్రాల్లో ఒకే అంకె ఉండటం చూసి అన్నిటినీ కలిపి ఆపేశారు. ఆ ఆపిన వాటిలో డయాలిసిస్ రోగి ఒకరు ఉన్నారు. దయతో వేసిన అంకె కూడా అబద్ధమైతే ముందుగా దెబ్బతినేది నిజంగా అవసరం ఉన్నవాడే. ఇది మాత్రం నాకు ఏ సందేహమూ లేకుండా తెలిసిన విషయం. ఇలాంటివి ఎక్కువ లేవు కనుక ముందే చెప్పేస్తున్నాను.

అపార్టుమెంటు చిరునామా

ఐటీ కంపెనీలు వచ్చాక మా మండలంలో చిరునామాకు అర్థం పోయింది. మణికొండలో ఒక దరఖాస్తుకు మా సహోద్యోగి ఒకాయన ఇంటికి వెళ్లకుండానే నివేదిక రాశాడు: ‘దరఖాస్తుదారు ఖరీదైన అపార్టుమెంటులో నివసిస్తున్నందున అనర్హుడు.’ అతను ఆ అపార్టుమెంటు వాచ్‌మన్. సెల్లారులో నీళ్ల మోటారు పక్కన, మెట్ల కింద గది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అందులోనే. నేను వెళ్లినప్పుడు మోటారు ఆడుతోంది. ఆమె చెప్పింది నాకు వినిపించక, నేను అడిగింది ఆమెకు వినిపించక, చివరికి ఇద్దరం కార్లు నిలిపే చోటికి వచ్చి మాట్లాడుకున్నాం.

కాబట్టి గేటు దగ్గర ఆగిపోకండి. గేటు దగ్గర కనిపించే ఆదాయం ఆ మనిషిది కాదు, పైన ఉండేవాళ్లది.

ఇంతవరకు అంతా సులభం. వెళ్లాలి, చూడాలి, రాయాలి. చూసి కూడా రాయలేని కేసు ఒకటి ఉంటుందని నాకు మల్లేశ్ వచ్చేదాకా తెలియదు.

లామినేషన్ చేయించిన కాగితం

మల్లేశ్‌ది పాలమూరు వైపు ఊరు. పుప్పాలగూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. ఐటీ ఉద్యోగులను ఆఫీసులకు తిప్పే కారు నడిపేవాడు. కారు అతనిదే, వాయిదాల మీద కొన్నది. అతని భార్య అనిత దగ్గరలోని మగపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆమెకు గుండెలో వాల్వు పాడైంది. బిందె ఎత్తితే ఆయాసం, పడుకుంటే ఆయాసం. ఆపరేషన్ చేసి వాల్వు మార్చాలని, ఈ నెల దాటనివ్వొద్దని వైద్యులు చెప్పారు. సొంత ఖర్చుతో చేయించుకునే స్తోమత లేదు. ఊళ్లో తండ్రి కార్డులోంచి వేరుపడ్డాక వీళ్లకు కొత్త కార్డు రాలేదు. అందువల్ల దరఖాస్తు నా దగ్గరికి వచ్చింది.

దరఖాస్తులో సంవత్సరాదాయం లక్షా యాభై వేలని ఉంది. దానికి జతచేసిన కాగితాల్లో ఒకటి మిగతావాటిలా మడతలు పడలేదు. దాన్ని లామినేషన్ చేయించారు. చూస్తే ఆదాయపు పన్ను రిటర్ను. అదే మల్లేశ్, అదే సంవత్సరం, ఆదాయం నాలుగు లక్షల ఎనభై వేలు.

ఆ కాగితం అక్కడికి ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఎవరైనా గిట్టనివాళ్లు పెట్టారా అనుకున్నాను. మల్లేశ్‌ను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను.

“ఇది ఎవరు పెట్టారు?”

“నేనే సార్.”

“ఎందుకు పెట్టావు?”

“గవర్నమెంట్ కాయితం గద సార్. నా పేరు మీద వచ్చింది గదొక్కటే. ఇజ్జత్ ఉంటదని పెట్టిన.”

“ఇందులో నీ ఆదాయం నాలుగు లక్షల ఎనభై వేలని ఉంది.”

“అది కారు కోసం సార్. గంత లేకపోతే లోన్ రాదని లోన్ ఇప్పించినాయన రాయించిండు.”

“దరఖాస్తులో లక్షా యాభై వేలని రాశావు.”

“అది దవాఖాన కోసం.”

అతని గొంతులో తడబాటు లేదు. చెప్పులకు ఒక కొలత, చొక్కాకు ఒక కొలత ఉన్నట్టు చెప్పాడు. తర్వాత విచారిస్తే తెలిసింది, ఈ చుట్టుపక్కల కారు కొనుక్కున్న డ్రైవర్లలో చాలామందికి ఇలాగే జరిగింది. అప్పు ఇప్పించే మధ్యవర్తి రిటర్ను దాఖలు చేయిస్తాడు, అంకె ఆయనే వేస్తాడు, డ్రైవరు సంతకం పెడతాడు. ఆ అంకె ఐదు లక్షల లోపే ఉంటుంది, పన్ను కట్టవలసిన అవసరం పడదు కనుక ఎవరికీ భారం అనిపించదు. మల్లేశ్‌కు ఆ కాగితం వచ్చిన రోజు బావ ఇక సేటు అయ్యాడని, ఈసారి దసరాకు అందరికీ బట్టలు ఆయనే పెట్టాలని వాళ్ల బామ్మర్ది వేళాకోళం ఆడాడట. మల్లేశ్ ఆ వేళాకోళాన్ని సగం నిజంగానే తీసుకుని లామినేషన్ చేయించాడు.

మా కార్యాలయంలో ఒకరు ఆ కాగితం తీసి పక్కన పడేస్తే సరిపోతుందన్నారు. సరిపోదు. పాన్ నంబరుతో పోల్చి చూసినప్పుడు కంప్యూటరులో అది ఎలాగూ బయటపడుతుంది. పైగా నేను చూశాను. చూసిన అంకెను చూడలేదని అనుకోవడం నాకు చేతకాదు.

మూడు మొత్తాలు

సరే, రెండు అంకెలూ పక్కన పెట్టి నిజం ఎంతో నేనే తేల్చుదామనుకున్నాను. ఒక ఆదివారం వాళ్ల గదికి వెళ్లి మల్లేశ్‌తో కూర్చున్నాను. కిరాయిల మీద వచ్చేది, డీజిలుకు పోయేది, కంపెనీ కమిషన్ కింద పట్టుకునేది, మరమ్మతులు. అంతవరకు బాగానే సాగింది. కారు కిస్తీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

నెలకు పదిహేను వేల ఐదు వందలు కిస్తీ. దాన్ని ఖర్చుగా తీసేస్తే ఏడాదికి అతని చేతిలో మిగిలేది దాదాపు లక్షా ముప్పై వేలు. అంటే పేదవాడు. కానీ కిస్తీ కట్టిన కొద్దీ కారు అతని సొంతమవుతోంది. అది ఆస్తి. ఆస్తి కొనుక్కునే డబ్బును ఖర్చు అని ఎలా తీసేస్తాం? తీసేయకపోతే మూడు లక్షల పదహారు వేలు. అంటే పేదవాడు కాదు. ఇక అనిత హాస్టల్లో సంపాదించినది కలపాలా? ఆమె జీతం కలిపితే కిస్తీ తీసేసినా పరిమితి దాటిపోతుంది. కానీ ఆమె రెండు నెలల నుంచి పనికి వెళ్లడం లేదు. వెళ్లలేకపోవడం వల్లే కదా ఈ దరఖాస్తు వచ్చింది. గడిచిన సంవత్సరం చూడాలా, రాబోయే సంవత్సరమా?

ఒకే మనిషికి, ఒకే మధ్యాహ్నం, మూడు మొత్తాలు వచ్చాయి. మూడింటిలోనూ కూడికలో తప్పు లేదు. రెండుసార్లు సరిచూశాను.

మర్నాడు తహసీల్దారు సుభద్ర గారి దగ్గరికి వెళ్లాను. నేను పనిచేసిన అధికారుల్లో ఆమె అందరికన్నా సూటి మనిషి. మొదటి తహసీల్దారుకున్నంత మెత్తదనం లేదు, కానీ ఆమె ఆపిన ఫైలు ఎందుకు ఆగిందో ఎప్పుడూ స్పష్టంగా తెలిసేది. నేను మూడు మొత్తాలూ చెప్పాను. ఆమె మొత్తం విన్నారు.

“మీరు చెప్పేది నాకు అర్థమైందండి. కంప్యూటర్‌కు అర్థమయ్యేటట్టు చెప్పండి.”

దారులు రెండే ఉన్నాయని ఆమె వివరించారు. ఒకటి, రిటర్నులో అంకె అబద్ధమని మల్లేశ్ రాసివ్వడం. అప్పుడు అప్పు కూడా అబద్ధం మీద తెచ్చుకున్నదవుతుంది. అప్పు ఇచ్చినవాళ్లు కారు లాక్కోవచ్చు, కేసు కూడా పెట్టవచ్చు. రెండోది, ఆ ఆదాయానికి ఆధారమైన కారే లేకుండా పోవడం. ఆదాయ మార్గం పోయిందని రుజువైతే మళ్లీ విచారణ చేసి కొత్త అంకె వేయవచ్చు. నిబంధన అందుకు ఒప్పుకుంటుంది.

ఆమె గదిలోంచి బయటికి వచ్చాక రెండు దారులనూ ఒక కాగితం మీద రాసుకున్నాను. వైద్యం కావాలంటే అతను సంపాదన మానుకోవాలి. ఇది నిబంధనల్లో ఎక్కడా రాయలేదు. కానీ నిబంధనలన్నీ కలిపి చదివితే అదే వస్తోంది.

అనిత అడిగినది

ఆ సాయంత్రమే వెళ్లి ఇద్దరికీ రెండు దారులూ చెప్పాను. నెలలో సగం అప్పటికే గడిచిపోయింది. మల్లేశ్ ముందు నవ్వాడు, తర్వాత కోపం వచ్చింది. కారు ఇచ్చేస్తే ఏం తినాలని అడిగాడు. కారు మీద ఇంకో రెండేళ్ల కిస్తీ మాత్రమే మిగిలిందని, తర్వాత అంతా మిగులేనని లెక్క చెప్పాడు. అతని లెక్కలోనూ తప్పు లేదు.

అనిత గోడకు ఆనుకుని కూర్చుంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అడిగింది.

“సార్, మేం పేదోళ్లమా, కాదా? ఏదో ఒకటి చెప్పుండ్రి. పేదోళ్లమంటే దవాఖానకు పోతం. కాదంటే ఇగ మా పైసలు యాడున్నయో జర మీరే సూపియ్యుండ్రి.”

“నువ్వు ఊకో,” అన్నాడు మల్లేశ్.

“ఊకుంటనే గద ఇన్ని దినాలు ఆగింది,” అంది ఆమె.

ఏదో ఒకటి చెప్పడానికే ప్రభుత్వం నాకు జీతం ఇచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా చెప్పాను కూడా. అనితకు మాత్రం చెప్పలేకపోయాను. ఏ దారి మంచిదో మీరే చెప్పండని మల్లేశ్ అడిగితే, అది నా పని కాదన్నాను. అది నిజమే. ఏ దారిలో ఏం పోతుందో చెప్పడం వరకే మన పని. పోగొట్టుకునేది ఏదో ఎంచుకోవలసింది వాళ్లు. మీరు కూడా ఇక్కడ జాగ్రత్తగా ఉండండి. సలహా చెప్పాలని నోరు ఊరుతుంది.

నాలుగు రోజుల తర్వాత మల్లేశ్ ఫోన్ చేశాడు. కారును తన ఊరివాడే అయిన ఇంకో డ్రైవరుకు, మిగిలిన కిస్తీలతో సహా, అప్పు ఇచ్చినవాళ్ల ఒప్పుదలతోనే రాసిచ్చేశాడు. అప్పటిదాకా కట్టిన దానికి ఆ డ్రైవరు ఇచ్చినది చాలా తక్కువ. అవసరంలో అమ్మినవాడికి ఎవరూ ఎక్కువ ఇవ్వరు.

నేను మళ్లీ విచారణకు వెళ్లాను. గది ముందు కారు ఆపే చోట ఎవరిదో మోటారు సైకిలు ఉంది. మల్లేశ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“ఇగ సూడుండ్రి సార్,” అన్నాడు. “మంచిగ పేదోన్ని అయిన.”

ఈసారి మొత్తం ఒక్కటే వచ్చింది. రోజుకూలీ మీద వేరేవాళ్ల కార్లు నడిపితే వచ్చేది తప్ప ఇంకేమీ లేదు. గడిలో అంకె వేయడానికి క్షణం పట్టింది. సుభద్ర గారు ఆ రోజే సంతకం చేశారు. పథకం కింద అనితకు అనుమతి వచ్చింది. ఆపరేషన్ ఆ నెలలోనే జరిగింది.

అది జరిగిన మూడో రోజు మల్లేశ్ నుంచి ఫోన్ వచ్చింది. “ఆపరేషన్ మంచిగయింది సార్. బెడ్ మీద పండుకొనే నన్ను తిడుతుంది,” అన్నాడు. ఆ పూట నేను భోజనం కొంచెం ఎక్కువే చేశాను.

ఇక్కడితో ముగిస్తే మీకు ఒక పాఠం చెప్పినట్టు ఉంటుంది. అలా ముగియలేదు.

పక్కపక్కన రెండు దరఖాస్తులు

నా పదవీ విరమణకు కొన్ని రోజుల ముందు మల్లేశ్, అనిత ఇద్దరూ కార్యాలయానికి వచ్చారు. ఆమె బస్సు దిగి నడిచే వచ్చింది. ముఖం తేరుకుంది. హాస్టల్లో కూర్చుని చేసే పని ఇచ్చారట, కూరగాయలు తరగడం, చపాతీలు ఒత్తడం. కొత్త వాల్వుతో ఉన్నంతకాలం రక్తం పలచన చేసే మాత్రలు వేసుకోవాలి, తరచుగా పరీక్ష చేయించుకోవాలి. అది కూడా పథకం కిందే సాగాలంటే ఆదాయ పత్రం కొత్తగా తీసుకోవాలి. అది మొదటి దరఖాస్తు.

రెండో దరఖాస్తు కూడా ఆదాయ పత్రానికే. కారు అప్పు కోసం. ఈసారి అప్పు ఇచ్చేవాళ్లు మధ్యవర్తి చేయించిన రిటర్ను ఒప్పుకోవడం లేదట, తహసీల్దారు సంతకం కావాలట.

“ఇందులో జర ఎక్కువ వేయుండ్రి సార్,” అన్నాడు మల్లేశ్.

“మల్లేశ్, మనిషివి ఒక్కడివే కదా.”

“మనిషిని ఒక్కన్నే సార్. పనులు రెండు.”

అనిత అందుకుంది. “నేను వద్దనే చెప్పిన సార్. ఇంటడా? మంది బండి నడిపితే ఈయనకు తిండి పోదు. సొంత స్టీరింగ్ పట్టుకుంటే సాలు, గద్దె మీద గూసున్నట్టు చేస్తడు.”

“నీ మాత్రలకు నెలనెలా పైసలు కావాలంటే కారు ఉండాలె గద,” అన్నాడు అతను.

“మాత్రలు ఫ్రీగ రావాలంటే కారు ఉండొద్దు గద,” అంది ఆమె.

ఇద్దరూ నా వైపు చూశారు. ఇద్దరు చెప్పిందీ సరిగ్గానే ఉంది.

నేను లెక్క మొదలుపెట్టాను. అతని కూలీ, ఆమె జీతం కలిపితే ఏడాదికి లక్షా తొంభై రెండు వేలు. పరిమితికి ఎనిమిది వేలు తక్కువ. మొదటి దరఖాస్తుకు అది చాలు. అది నిజమైన అంకె. రెండో దరఖాస్తుకు అది చాలదు. కారు వస్తే అతను అంతకన్నా ఎక్కువే సంపాదిస్తాడు, ఇదివరకు సంపాదించాడు కూడా. కానీ కారు వచ్చాక వచ్చే ఆదాయాన్ని కారు రాకముందే చూపించమంటున్నారు. లేని ఆదాయాన్ని నేను రాయలేను. రాయకపోతే ఆ ఆదాయం ఎప్పటికీ రాదు.

మొదటి దాన్ని విచారించి సంతకానికి పంపాను. ఆమె మాత్రలు ఆగకూడదు. రెండో దాన్ని ఆమోదించలేదు, తిరస్కరించనూ లేదు. నా ఇన్నేళ్ల సర్వీసులో ఆ రెండూ చేయకుండా వదిలేసిన దరఖాస్తు అదొక్కటే. నేను దిగిపోయిన నాటికి అది పెండింగులో ఉన్నవాటిలో ఉంది. ఇప్పుడు మీలో ఒకరి బల్ల మీద ఉండి ఉంటుంది.

మల్లేశ్ మీ దగ్గరికి తప్పకుండా వస్తాడు. అనిత కూడా వెంట వస్తుంది, అతన్ని దారి పొడవునా తిడుతూ. వాళ్లను కూర్చోబెట్టండి. రెండు దరఖాస్తులూ పక్కపక్కన పెట్టి, వీటిలో ఏది అబద్ధం అని మాత్రం అడగకండి. నేను అడిగాను. మల్లేశ్ రెండింటినీ తీరిగ్గా చూశాడు, వాటిని నా వైపు తిప్పి పెట్టాడు.

“మీరే చెప్పుండ్రి సార్,” అన్నాడు.

నేను ఇంకా చెప్పలేదు.